నా పేరు మళ్ళీ మారిపోయింది

సోమవారం పొద్దున ఆఫీసులో నాకు వచ్చే టికెట్లు ఎలా ఉంటాయో చెప్పనా? పాస్‌వర్డ్ మర్చిపోయాను. కొత్త ఫోన్ కొన్నాను, ఓటీపీ యాప్ పాత ఫోన్‌లోనే ఉండిపోయింది. హెడ్‌సెట్ పనిచెయ్యట్లేదు (వైరు పెట్టి ఉండదు). ఒక సోమవారం వీటి మధ్యలో ఇదొకటి వచ్చింది: 'నా పేరు మళ్ళీ మారిపోయింది.'

ఒక్కటే లైను. కింద ఒక స్క్రీన్‌షాట్.

నేను హైదరాబాద్‌లో, మాదాపూర్ వైపు, ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఐటీ సపోర్ట్‌లో చేస్తున్నాను. ఊరెళ్తే 'సాఫ్ట్‌వేరంట కదా' అంటారు, అవునంటాను. నిజానికి నేను కోడ్ రాయను. చేరినవాళ్ళకి అకౌంట్లు తెరవడం, మానేసినవాళ్ళవి మూసెయ్యడం, మధ్యలో ఉన్నవాళ్ళ సెట్టింగులు చూసుకోవడం నా పని. మా ఆఫీసులో మాటలన్నీ నడిచేది స్లాక్‌లో. పక్క సీట్లో ఉన్నవాణ్ని టీకి పిలవాలన్నా అందులోనే. ఆరొందల మందిలో ఎవరి పేరు అందులో ఎలా కనపడాలో చివరికి నా స్క్రీన్ మీదే తేలుతుంది. ఇది అంత పెద్ద సంగతని నేనెప్పుడూ అనుకోలేదు.

టికెట్ పెట్టినావిడ టెస్టింగ్ టీమ్‌లో సీనియర్. ఆవిడ పేరు ఇక్కడ రాయను. గొడవంతా పేరు గురించే కదా, ఎక్కడ ఎలా కనపడాలో ఆవిడే చెప్పాలి. నేను మేడమ్ అని పిలిచేవాణ్ని, మనమూ అలాగే అనుకుందాం.

స్క్రీన్‌షాట్ చూశాను. ఇంటిపేరు ముందు, పేరు వెనకాల. నాకు తప్పేం కనపడలేదు. హెచ్‌ఆర్ రికార్డులో అదే ఉంది, పాన్ కార్డులోనూ అదే. ఇలాంటి వాటికి నా దగ్గర ముందే రాసిపెట్టుకున్న జవాబు ఒకటుంది: 'మీ పేరు హెచ్‌ఆర్ రికార్డుల ప్రకారమే ఉంది. మార్పు కావాలంటే దయచేసి హెచ్‌ఆర్‌ను సంప్రదించండి.' అది అతికించి టికెట్ మూసేశాను. మొత్తం నాలుగు నిమిషాలు. మా దగ్గర టికెట్ ఎంత తొందరగా మూస్తే అంత మంచి ఉద్యోగి.

పై సోమవారం మళ్ళీ అదే టికెట్. అదే జవాబు. ఆ పై సోమవారం ఇంకొక ముక్క చేరింది: 'నా పేరు మళ్ళీ మారిపోయింది. ఎవరు మారుస్తున్నారు?'

ఎవరు మారుస్తారండీ బాబూ, అనుకుని మళ్ళీ అతికించాను.

మన పేర్లకీ కంప్యూటర్లకీ ఉన్న పేచీ మీకూ తెలిసే ఉంటుంది. ఫారమ్‌లో రెండు గళ్ళుంటాయి, ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. మన పదో తరగతి సర్టిఫికెట్‌లోనేమో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఎవరో ఎక్కడో దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తారు. ఇక జన్మంతా అంతే. నేను చేరిన కొత్తలో అమెరికా నుంచి కాల్‌లోకి వచ్చే ఒకాయన నన్ను ఇంటిపేరుతో పిలిచేవాడు. మా ఊళ్ళో ఆ పేరు పెట్టి పిలిస్తే మా తాత పలుకుతాడు. సరిచేద్దామని ఎవరో దాన్ని తీసి తరవాతి ముక్క పెట్టారు. అది 'వెంకట'. ఇంకా గొప్ప. మా ఫ్లోర్‌లో నిలబడి వెంకటా అంటే ఒక వరుసంతా తలెత్తుతుంది.

నేను అడ్మిన్ అయ్యాక చేసిన మొదటి పని, నా రికార్డును పక్కకు తీసి, అమ్మావాళ్ళు పిలిచే పేరు పెట్టేసుకోవడం. ఎవరినీ అడగలేదు. అడగడానికి నేనే కదా.

రెండేళ్ళ కిందట మేం పాత చాట్ నుంచి స్లాక్‌కి మారాం. హెచ్‌ఆర్ ఆరొందల పేర్లు ఎక్సెల్ షీట్‌లో పంపింది, ఒక్కో పేరూ ఒకే గడిలో. కొత్త సిస్టమ్‌కి రెండు గళ్ళు కావాలి. నేనొక ఫార్ములా రాశాను: మొదటి స్పేస్ దగ్గర కోసెయ్యి. ముందు ముక్క ఫస్ట్ నేమ్, మిగతాదంతా లాస్ట్ నేమ్. పది నిమిషాల్లో ఆరొందల పేర్లూ అయిపోయాయి. మా మేనేజర్ ఆ రాత్రి టీమ్‌కి బిర్యానీ చెప్పాడు. పంజాబీవాళ్ళ పేర్లూ బెంగాలీవాళ్ళ పేర్లూ చక్కగా కుదిరాయి. తెలుగువాళ్ళకు మాత్రం ఇంటిపేరే మొదటి పేరై కూర్చుంది. కొన్నాళ్ళు అందరూ జోకులేసుకున్నారు, తర్వాత అలవాటైపోయింది.

ఆ బిర్యానీ రోజునే ఇంకో పని కూడా చేశాను. అదేంటో తెలియాలంటే కాస్త లోపలి సంగతి చెప్పాలి. మా దగ్గర స్లాక్‌కి విడిగా పాస్‌వర్డ్ లేదు. కంపెనీ డైరెక్టరీ ఒకటుంటుంది, అందులో లాగిన్ అయితే అన్నీ తెరుచుకుంటాయి. డైరెక్టరీకి పేర్లు హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ నుంచి వస్తాయి. స్లాక్ సెట్టింగుల్లో ఒక చిన్న గడి ఉంది, 'లాగిన్ అయిన ప్రతిసారీ ప్రొఫైల్ అప్‌డేట్ చెయ్యి' అని దాని అర్థం. దానికి టిక్ పెడితే, మనం చేత్తో మార్చుకున్న పేరు ఉన్నా సరే, మళ్ళీ లాగిన్ అవ్వగానే డైరెక్టరీలో ఉన్నది వచ్చి దాని మీద కూర్చుంటుంది. అడ్మిన్‌కి హాయి. పేర్లన్నీ ఒకేచోట, ఒకేలా. నేను టిక్ పెట్టాను. దానికి తోడు వారానికోసారి అందరి లాగిన్లూ గడువు తీరిపోయేలా సెక్యూరిటీవాళ్ళు పెట్టారు, ఆదివారం రాత్రికి.

సోమవారమే టికెట్ ఎందుకొచ్చేదో ఇప్పుడు మీకు అర్థమైంది. నాకప్పటికి అవ్వలేదు.

నాలుగో సోమవారం టికెట్ రాలేదు. మేడమే వచ్చారు. ల్యాప్‌టాప్ తెరిచి అలాగే చేత్తో పట్టుకుని, మా గది గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"టికెట్లు మూసేది మీరేనా?"

"అవునండీ."

"నా పేరు నేనే మార్చుకుంటున్న. శుక్రవారం దాక మంచిగనే ఉంటది. సోమవారం రాంగనే మళ్ళా పాతదే. మీలో ఎవరన్న కావాలని చేస్తున్నరా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, నేనేమన్న అనుకోను."

ఆవిడది హనుమకొండ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. మీటింగుల్లో చాలాసార్లు చూశానుగానీ అలా ఎప్పుడూ చూడలేదు.

"ఎవరూ మార్చట్లేదు మేడమ్. సిస్టమ్ అది. హెచ్‌ఆర్‌లో మార్పిస్తే..."

"పోయిన. పాన్ కార్డు మార్చుకొని రమ్మన్నరు. పాన్ మారాలంటే కాగితాలు కావాలె. కాగితాలు రావాలంటే కోర్టుల కేసు తేలాలె."

కోర్టు అన్న మాట విన్నాక గానీ నాకు వెలగలేదు. స్క్రీన్ మీద ఉన్నది భర్త ఇంటిపేరు.

"రోజూ సాయంత్రం ఆరున్నరకు క్లయింట్ కాల్ ఉంటది," అన్నారు. "వాళ్ళు ఫస్ట్ నేమ్‌తోని పిలుస్తరు కదా. గుడ్ మార్నింగ్ అని, ఆ ఇంటిపేరు. నేను ఎస్ అని పలకాలె. తొమ్మిది నెలలైంది నేను ఆ ఇల్లు విడిచిపెట్టి. ఇంట్ల ఎవ్వరూ అనరు ఆ పేరు. ఇక్కడికొస్తేనే."

నేను ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. చూస్తానండీ అనో ఏదో అన్నాను. ఆవిడ వెళ్ళబోతూ నా స్క్రీన్ వైపు చూశారు. పక్కన స్లాక్ తెరిచే ఉంది, కింద మూలలో నా ఫోటో, నా పేరు.

"మీది మాత్రం మంచిగనే ఉంది," అన్నారు. దెప్పినట్టు కాదు. ఊరికే చదివినట్టు.

ఇక్కడ హెచ్‌ఆర్‌ను తిట్టడానికి లేదు. జీతం, ఫామ్ 16, పాన్, ఈ మూడింట్లో పేరు కలవాలి. పీఎఫ్‌లో పేరు ఆధార్‌తో కలవకపోతే రేపు డబ్బు తీసుకునేటప్పుడు చుక్కలు కనపడతాయి. ఆధార్‌లోనేమో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండే అవకాశాలు ఇస్తారు. మేడమ్ పెళ్ళయ్యాక ఒకటి వాడేశారు. పెళ్ళయితే ఇంటిపేరు మార్చి తీరాలని ఏ చట్టమూ చెప్పదు, కానీ మనవైపు ఆ ప్రశ్న ఎవరు అడుగుతారు? పరస్పర అంగీకారంతో విడిపోవాలన్నా, హిందూ వివాహ చట్టం 13బి కింద అర్జీ పెట్టాక మామూలుగా ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఆ గడువు ఎత్తెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ అందరికీ ఎత్తెయ్యరు. అన్నీ కలిపితే, ఒక మనిషి కాగితాల మీద పేరు మార్చుకునే లోపు ఏడాది గడిచిపోవచ్చు.

మా అమ్మ సంగతి గుర్తొచ్చింది. పోస్టాఫీసు పాస్‌బుక్‌లో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో మా ఇంటిపేరు. డబ్బు తియ్యడానికి వెళ్తే ఇద్దరూ ఒకటే అని రుజువేంటన్నారు. నాన్న తణుకులో నోటరీ దగ్గరకు తీసుకెళ్ళి, ఈ రెండు పేర్లూ ఒక్కరివే అని స్టాంపు పేపరు మీద రాయించాడు. 'నేను ఒక్కదాన్నే అని రాయించుకోవాల్సొచ్చింది చూశావా' అని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఆ కాగితం బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది.

సరే, పాన్ నా చేతిలో లేదు. కోర్టు లేదు. చాట్‌లో కనపడే పేరు ఉంది కదా?

ఆ సాయంత్రం కూర్చుని సెట్టింగుల పేజీని మొదటిసారి సరిగ్గా చదివాను. రెండేళ్ళుగా నేను నడిపే పేజీ అది. స్లాక్‌లో ఫుల్ నేమ్ వేరు, డిస్‌ప్లే నేమ్ వేరు. రెండూ వేర్వేరు గళ్ళు. మొదటిది రికార్డు కోసం, రెండోది పిలుచుకోవడానికి. నేనే రెండింట్లోకీ ఒకే పేరు పోయేలా కట్టాను, పని తేలికని. మా డైరెక్టరీలోనూ 'ప్రిఫర్డ్ నేమ్' అని ఒక గడి ఎప్పట్నుంచో ఖాళీగా పడి ఉంది. దాన్ని తీసుకెళ్ళి డిస్‌ప్లే నేమ్‌కి కలిపితే చాలు. జీతం కాగితాల జోలికి పోనక్కర్లేదు. ముందు నా అకౌంట్ మీదే పరీక్షించాను. ఇరవై నిమిషాల పని. టికెట్లు మూయడానికి పట్టిన టైమూ కలిపి లెక్కేస్తే... వద్దులెండి.

మా మేనేజర్ వెంటనే ఒప్పుకోలేదు. ఆయన భయం ఉత్తిది కాదు. పాత చాట్‌లో పేర్లు ఎవరికి వాళ్ళే మార్చుకునే రోజుల్లో ఒక ఇంటర్న్, పెద్ద బాస్ పేరూ ఫోటోా పెట్టుకుని 'రేపు అందరికీ సెలవు' అని పోస్ట్ చేశాడు. సగం ఫ్లోర్ నమ్మింది. నవ్వులాట అలా ఉంచితే, బాస్ పేరుతో మెసేజ్ పెట్టి గిఫ్ట్ కార్డులు కొనిపించే మోసాలు నిజంగానే జరుగుతున్నాయి. అందుకని ఒక మధ్యేమార్గం చూసుకున్నాం. చిన్న ఫారమ్. 'మిమ్మల్ని ఏమని పిలవాలి?' అని ఒకటే ప్రశ్న. ఎందుకు అని అడగం, కాగితాలు అడగం. ఇంకొకరి పేరు పెట్టుకోలేదని మాత్రం మేం చూసుకుంటాం.

"ఇంత చిన్నదానికి నాలుగు టికెట్లెందుకయ్యాయి?" అన్నాడు మేనేజర్.

"మూడే సార్," అన్నాను. "నాలుగోది ఆవిడే వచ్చారు."

గురువారం మధ్యాహ్నం మేడమ్‌ని పిలిచి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వమన్నాను. అయ్యారు. పేరు అలాగే ఉంది. ఇంకోసారి చేసి చూశారు. మూడోసారి కూడా. ఏమీ అనలేదు, మెల్లిగా పాత మెసేజ్‌లు పైకి జరుపుకుంటూ వెళ్ళారు.

"పాతవి కూడా మారినయా?"

మారతాయి. స్లాక్ లోపల మనం పేరు కాదు, ఒక ఐడీ. మీరూ చూడొచ్చు, ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కితే మెంబర్ ఐడీ కాపీ చేసుకోమంటుంది, అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక ముద్ద. ప్రతి మెసేజ్ కిందా దాచేది దాన్నే. పేరు తెరమీద చూపించేటప్పుడు మాత్రమే పైన అతికిస్తుంది. ఎట్ గుర్తు పెట్టి ఎవరైనా మనల్ని పిలిచినా అంతే. అందుకే పేరు మార్చిన క్షణంలో రెండేళ్ళ కిందటి మాటల మీద కూడా కొత్త పేరు వచ్చేస్తుంది.

ఆవిడ ఒకచోట ఆగారు. గృహప్రవేశం ఫోటో. కింద ముప్ఫై మంది కంగ్రాట్స్. ఎట్ గుర్తుతో పెట్టినవాళ్ళ మాటల్లో ఇప్పుడు పుట్టింటి పేరు కనపడుతోంది. ఇద్దరు ముగ్గురు మాత్రం గుర్తు పెట్టకుండా చేత్తో టైప్ చేశారు. అక్కడ ఆ పాత ఇంటిపేరు అలాగే ఉంది. అది ఉత్త అక్షరాలే కాబట్టి ఏ సెట్టింగూ దాన్ని ముట్టుకోదు.

"వీటిని తీసెయ్యమంటారా?" అన్నాను. అడ్మిన్‌గా తీసెయ్యగలను.

కాసేపు చూశారు. "ఉండనియ్యండి. అప్పుడు నేనే కదా ఆ ఇల్లు సూసుకున్నది. టైల్స్ సుత నేనే ఏరిన."

అప్పుడు చెప్పాను. "ఆ టిక్ పెట్టింది నేనేనండీ. ఆ రోజు సిస్టమ్ అన్నాను."

"తెల్సు," అన్నారు. "సిస్టమ్‌కు ఎవరో ఒకరు చెప్పాలె గద."

మిగతావి అంత సాఫీగా అవ్వలేదు. మెయిల్ ఐడీ మార్చాం, పాత అడ్రస్ అలియాస్‌గా ఉంచాం, లేకపోతే దానికి వచ్చే మెయిళ్ళు తిరిగిపోతాయి. ఎదుటివాళ్ళ మెయిల్‌లో రెండక్షరాలు కొట్టగానే వచ్చే సలహాల్లో పాత పేరు ఇంకా తొంగి చూస్తూనే ఉంటుంది, అది వాళ్ళ కంప్యూటర్లలో ఉంది, నా చేతికి అందదు. పాత మీటింగ్ ఆహ్వానాలు కొన్ని రద్దు చేసి మళ్ళీ పెట్టాల్సొచ్చింది. కోడ్‌లో పాత మార్పుల మీద ఉన్న పేరు సరే సరి, దాన్ని ఎవరూ కదిలించరు.

ఫారమ్ పెట్టాక నేననుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు. 'వెంకట'లు దాదాపు అందరూ వచ్చారు. ఒకతను అయిదేళ్ళుగా తండ్రి పేరుతో పలుకుతున్నాడట, ఎవరికీ చెప్పలేదు. ఒకమ్మాయి పెళ్ళయి భర్త ఇంటిపేరు ఇష్టంగా చేర్చుకుంది. ఒకడు మాత్రం పేరు ముందు 'ఐకాన్ స్టార్' కావాలన్నాడు. మేనేజర్ వద్దన్నాడు.

పై సోమవారం నేను తొమ్మిదికే వచ్చి టికెట్ల లిస్టు చూస్తూ కూర్చున్నాను. పాస్‌వర్డ్. ఓటీపీ. హెడ్‌సెట్. అంతే. రాత్రి ఏడింటికి ఫోన్‌లో స్లాక్ మోగింది. మేడమ్.

'కాల్ అయింది. కొత్త పేరు చూసిండు. పిలిచిండు కానీ మొత్తం ఖరాబ్ పలికిండు.'

వెంట ఒక నవ్వు బొమ్మ ఉంది. ప్రొఫైల్‌లో నేమ్ రికార్డింగ్ అని ఒకటుందని, పేరు ఎలా పలకాలో మన గొంతుతోనే పెట్టుకోవచ్చని రాసి పంపాను. నిజం చెప్పాలంటే నేనూ దాన్ని ఎప్పుడూ వాడలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ ప్రొఫైల్ తెరిస్తే పేరు పక్కన చిన్న స్పీకర్ గుర్తు కనపడింది. పనిచేస్తోందో లేదో చూడాలి కదా, నొక్కాను. వెనకాల కుక్కర్ కూత సన్నగా వినిపిస్తోంది. ముందు చిన్నగా గొంతు సవరించుకున్నారు. తర్వాత ఆవిడ పేరు.